లారీ నాలుగు కెమెరాల బొమ్మలో ముగ్గు గీత విరుగుతోంది: బండి కదిలితేనే, అదీ ఆరు నిమిషాల లెక్కన

ఆటోనగర్_వైరింగ్

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీల ఎలక్ట్రికల్ షాపు. ఈసీఈ డిప్లొమా చేశాను, పైథాన్ ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకున్నాను. రెండు నెలలుగా ఒక్కచోటే ఆగిపోయాను. ఉన్నదంతా రాస్తున్నాను, కాస్త పొడుగైనా చదవండి.

ఎందుకు మొదలుపెట్టానో ముందు చెబుతాను. పోయిన పంటకి మా మావయ్య తన పది టైర్ల లారీని ఒక ధాన్యం మిల్లు యార్డులో వెనక్కి తీస్తున్నాడు. క్లీనర్ కుర్రాడు వెనక నిలబడి "రానీ, రానీ, రైట్ కొట్టు" అని అరుస్తున్నాడు. బస్తాల నెట్టు అడ్డొస్తే ఎడమ మూలకి జరిగాడు. ఆ మూల అద్దంలో కనపడదు. టైరు పాదం మీదికెక్కింది. ఇప్పుడు నడుస్తున్నాడు గానీ రెండు వేళ్లు లేవు. ఇరవై రెండేళ్లుగా స్టీరింగ్ పట్టిన మావయ్య ఆ తర్వాత నెల రోజులు బండెక్కలేదు. ఆ మూలని స్క్రీన్ మీద చూపించాలి. నా పని అంతే.

పెట్టిన సామాను ఇది. చేపకన్ను లెన్సు ఉన్న యూఎస్‌బీ కెమెరాలు నాలుగు, 720పీ, సెకనుకి 30 ఫ్రేములు (బొమ్మలు). ఒకటి ముందు, ఒకటి వెనక డోర్ పైన, మిగతా రెండూ బాడీకి అటూ ఇటూ మధ్యలో పైఅంచుకి. కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై 5, అరచేతిలో పట్టే చిన్న బోర్డు. వెనక కెమెరాకి కేబుల్ పది మీటర్లు దాటింది కాబట్టి మధ్యలో బూస్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ వేశాను. చెస్‌బోర్డు గళ్లని ఫ్లెక్సీ షాపులో కొట్టించి, ముడత పడకుండా ప్లైవుడ్ మీద అతికించి, ఓపెన్‌సీవీ (కెమెరా బొమ్మల మీద పని చేసే ఉచిత సాఫ్ట్‌వేర్)లో చేపకన్ను లెన్సులకి ఉన్న ఫిష్‌ఐ లెక్కతో లెన్సు వంపు తీశాను. తర్వాత ఆదివారం షెడ్డు ముందు ఖాళీ జాగాలో నూలుతాడు లాగి, ముగ్గుపిండితో మీటరు మీటరు గళ్లు గీసి, ఆ గళ్లని బట్టి నాలుగు బొమ్మల్నీ నేల మీద పరిచాను. బండి నిలబడి ఉంటే పై నుంచి చూసినట్టు ఒకే బొమ్మ వస్తుంది, గీతలు కలుస్తాయి. మహా అయితే రెండు సెంటీమీటర్ల తేడా.

బండి కదిలిందా, వెనక ఎడమ మూలలో, రెండు కెమెరాల బొమ్మలు కలిసే అతుకు దగ్గర అడ్డ గీత విరుగుతుంది. గంటకి 10 కిలోమీటర్ల వేగంలో 20 నుంచి 30 సెంటీమీటర్లు. నాకు అంతుపట్టనిది ఏంటంటే, ఆ తేడా నిలకడగా ఉండదు. 20 దగ్గర మొదలై మెల్లగా పెరుగుతుంది, 30 దాకా పోతుంది, ఒక్క దెబ్బతో మళ్లీ 20కి పడిపోతుంది. గడియారం పెట్టుకుని చూశాను, ఆరు నిమిషాలు అటూ ఇటూగా. ఇంకోటి, స్విచ్ వేసిన కొత్తలో గీత దాదాపు కలిసే ఉంటుంది. పావుగంట నడిస్తే గానీ ఇది మొదలవదు. వేడి అనుకుని ఫ్యాను పెట్టాను, మారలేదు. ఎర్త్ మార్చాను, కేబుల్ మార్చాను, క్యాలిబ్రేషన్ (ఆ గళ్లతో కొలతలు పట్టడం) మూడుసార్లు చేశాను. చీకటి పడితే ఇంకా ఘోరం.

అన్నిటికన్నా భయపెట్టేది వేరే ఉంది. ఆ మూలలో మా తమ్ముణ్ణి నిలబెడితే ఒక్కోసారి ఇద్దరిగా కనపడుతున్నాడు, ఒక్కోసారి బూట్లు తప్ప మనిషే కనపడటం లేదు. ఏ మూల కోసం ఇంత చేశానో ఆ మూలలోనే.

నా ప్రోగ్రాంలో మళ్లీ మళ్లీ తిరిగే లూపు చాలా మామూలుది: మొదటి కెమెరా రీడ్, నేల మీదికి మలచడం, రెండో కెమెరా రీడ్, మలచడం, అలా నాలుగు. తప్పు క్యాలిబ్రేషన్‌లో ఉందా, టైములో ఉందా, ఇంకెక్కడైనా ఉందా?

గన్నవరం_గ్యారేజ్

బండి చుట్టూ చూపించే 360 కెమెరా కిట్లు మార్కెట్లో దొరుకుతున్నాయి కదండీ. నాలుగు కెమెరాలు, బాక్సు, స్క్రీను అన్నీ కలిపి వస్తాయి. మీ కష్టం చూస్తే బాధగా ఉంది. ఒకటి కొని బిగించేయండి, మనిషి ప్రాణం దగ్గర ప్రయోగాలు ఎందుకు?

ఆటోనగర్_వైరింగ్

మీరన్నది నిజమే, ముందు అదే చేశానండి. కొన్న కిట్టు కార్లకి తయారైంది. దాని క్యాలిబ్రేషన్ గుడ్డలు కారు చుట్టూ పరిచేవి, మన లారీ పొడవుకి చాలవు. కెమెరా ఎత్తు రెండు మీటర్లు దాటితే దాని సాఫ్ట్‌వేర్ తీసుకోలేదు. లోపల ఏం జరుగుతుందో చూసే దారి లేదు, అడిగితే చెప్పేవాళ్లు లేరు. అందుకే సొంతంగా దిగాను. ఇది సరిగ్గా వచ్చేదాకా బండి మీద స్క్రీన్ బిగించను. క్లీనర్ వెనక నిలబడటం కూడా మాననివ్వను, కాకపోతే ఎడమ పక్కకి వెళ్లొద్దని చెప్పాం.

చార్మినార్_పిక్సెల్

తమ్మి, మంచిగ రాసినవ్. హైదరాబాద్‌ల డేటా తీసే బండ్ల మీద ఆరేండ్లు పని చేసిన. నీ పోస్టులనే సగం జవాబు ఉన్నది: ఆగినప్పుడు కలుస్తున్నది, కదిలితే విరుగుతున్నది. ఆగినప్పుడు కూడా విరిగితే అది జాగా తప్పు, అంటే క్యాలిబ్రేషన్. కదిలినప్పుడే విరిగితే టైము తప్పు. నువ్వు మూడుసార్లు క్యాలిబ్రేషన్ చేసి మంచిగ ఉన్నదాన్నే మళ్ల మళ్ల సరిచేసినవ్.

ఒక పని చెయ్. గా ముగ్గు గీతల మీద 5, 10, 15 కిలోమీటర్ల వేగంతోని పో. ప్రతిసారి అతుకు కాడ గీత ఎంత విరిగిందో రాసుకో. మూడూ రెండు నిమిషాలల్లనే అయిపోవాలె, లేకుంటే నీ ఆరు నిమిషాల ముచ్చట మధ్యలకొచ్చి లెక్క చెడగొడతది. కాగితం మీద అడ్డంగ వేగం, నిలువుగ గీత ఎంత విరిగిందో పెట్టి చుక్కలు కలుపు. సీదా గీత వస్తే, ఆ గీత వాలు ఎంతో అదే రెండు కెమెరాల నడుమ టైము తేడా. వేగం సున్నా కాడ గీత ఎక్కడ తాకుతదో అది క్యాలిబ్రేషన్ తప్పు. రెండు తప్పులు ఒక్క కాగితం మీద విడివిడిగ కనవడతయ్. దీని కంటే అగ్గువ పరీక్ష నాకు తెల్వది.

వేగం స్పీడోమీటర్ చూసి రాయకు, అంత తక్కువల అది నమ్మబుద్ధి గాదు. పది మీటర్లు కొలిచి స్టాప్‌వాచ్ పెట్టు.

ఆటోనగర్_వైరింగ్

అన్నా, ఈ ఉదయం ఆరింటికే చేశాను, యార్డులో బండ్లు లేని టైములో. మావయ్యే నడిపాడు. నిలబడి ఉంటే 2 సెంటీమీటర్లు. 5లో 12, 10లో 23, 15లో 33. కాగితం మీద పెడితే స్కేలు ఆనించి గీసినట్టు వచ్చింది. 5కీ 15కీ మధ్య 21 సెంటీమీటర్లు పెరిగింది. గంటకి 10 కిలోమీటర్లంటే సెకనుకి 2.78 మీటర్లు. 0.21ని 2.78తో భాగిస్తే 0.0755. అంటే 75 మిల్లీసెకన్లు!

ఒక ఫ్రేముకి 33 మిల్లీసెకన్లే కదా. రెండు ఫ్రేముల పైన తేడా ఎలా వస్తుంది? లూపులో కెమెరాకి కెమెరాకి మధ్య మహా అయితే 8 మిల్లీసెకన్లు పడుతోంది, అది కొలిచాను.

మిషిగన్_అనంతపురం

తమ్ముడూ, నాది అనంతపురం, మిషిగన్‌లో పదేళ్లుగా ఇదే పని, బండి చుట్టూ కెమెరాలు. నీ ఆరు నిమిషాలు చదవగానే పట్టుకున్నాను, ఎందుకంటే నేనూ ఒకప్పుడు దాన్ని వేడి అనుకుని వారం రోజులు పోగొట్టుకున్నాను.

ప్రతి కెమెరాలోనూ టైము కొట్టే ఒక చిన్న క్రిస్టల్ ఉంటుంది, దాని లెక్కనే ఫ్రేములు కొడుతుంది. 30 అని రాసి ఉన్నా ఏ రెండూ కచ్చితంగా ఒకే 30 కొట్టవు. చవక క్రిస్టళ్లు పది లక్షలకి 50 వంతులు ఇటో అటో ఉంటాయి. ఒకటి ఇటు, ఒకటి అటు అయితే రెండింటి మధ్య తేడా పది లక్షలకి 100 వంతులు. ఒక ఫ్రేము 33.3 మిల్లీసెకన్లు. అంత తేడా పోగుపడటానికి ఎంతసేపు పడుతుందో లెక్కేసుకో: 333 సెకన్లు, ఐదున్నర నిమిషాలు. నీ ఆరు నిమిషాలంటే నీ వెనక కెమెరాకీ ఎడమ కెమెరాకీ పది లక్షలకి 93 వంతుల తేడా ఉందన్న మాట. రెండు గోడ గడియారాలు పక్కపక్కన పెడితే టిక్కులు కాసేపు కలిసి, కాసేపు విడిపోతాయి చూడు, అదే ఇది.

ఇప్పుడు రెండు ఫ్రేముల సంగతి. నీ పై మీద నడిచే లైనక్స్‌లో ఓపెన్‌సీవీ కెమెరా తెరిస్తే డ్రైవర్ (కెమెరాని నడిపే సాఫ్ట్‌వేర్) దగ్గర నాలుగు బఫర్లు, అంటే ఫ్రేములు ఆగే గదులు, పెట్టుకుంటుంది. నీ లూపు ప్రతి తిప్పులో ప్రతి కెమెరా దగ్గరా ఒక్కో ఫ్రేమే తీస్తుంది, నాలుగింటిలో నెమ్మదిగా నడిచే కెమెరా కోసం ఆగుతుంది. కాస్త వేగంగా కొట్టే కెమెరా దగ్గర ఆరు నిమిషాలకి ఒక ఫ్రేము మిగిలిపోతుంది. అది వరసలో కూర్చుంటుంది. ఇంకో ఆరు నిమిషాలకి ఇంకోటి. రేషన్ షాపు ముందు క్యూ లాంటిదే. లోపల ఒక్కొక్కరికే ఇస్తున్నారు, బయట వచ్చేవాళ్లు ఒక్కరు ఎక్కువ వస్తున్నారు. వరస నిండాక కొత్త ఫ్రేముకి చోటుండదు, డ్రైవర్ దాన్ని వదిలేస్తుంది, తేడా ఒక్కసారిగా ఒక ఫ్రేము తగ్గుతుంది. నువ్వు చూసిన ఆ ఒక్క దెబ్బ అదే. మొదటి పావుగంట బాగుండటానికి కారణం కూడా అదే, వరస నిండటానికి అంతసేపు పట్టింది. అప్పటినుంచి రెండు ఫ్రేములకీ మూడు ఫ్రేములకీ మధ్య, 67 నుంచి 100 మిల్లీసెకన్ల దాకా ఊగుతూ ఉంటుంది. గంటకి 10 కిలోమీటర్లలో అది 18.5 నుంచి 28 సెంటీమీటర్లు. నీ క్యాలిబ్రేషన్ తేడా 2 కలుపు. నువ్వు రాసిన 20, 30 సరిపోయాయా?

ఒక్క మాట మనసులో పెట్టుకో. ఇక్కడ వేగంగా కొట్టే కెమెరాయే పాత బొమ్మ చూపిస్తుంది. మూడు కెమెరాలు నడిచిన క్షణం, అది పదో వంతు సెకను కిందటి క్షణం. నీ బండిలో అది వెనక కెమెరా అయితే, మీ మావయ్య సరిగ్గా చూడాల్సిన చోటే పాతది చూస్తున్నాడు.

చేయాల్సింది: కెమెరాకి ఒక థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే పని) పెట్టు, వచ్చిన ఫ్రేమును వచ్చినట్టే ఆపకుండా తీసేస్తూ ఉండాలి. చివరి నాలుగైదు ఫ్రేములు దగ్గర పెట్టుకో, ఒక్కోదానికి కెర్నల్ (లైనక్స్ లోపలి అసలు భాగం) వేసిన టైము ముద్రతో సహా. రీడ్ అయ్యాక పైథాన్‌లో టైము అడగొద్దు. కెమెరా కుదించి పంపిన జేపెగ్ బొమ్మని విప్పడానికి పట్టిన సమయం కూడా అందులో కలిసిపోతుంది, అది బొమ్మ బొమ్మకీ మారుతుంది. లైనక్స్‌లో ఓపెన్‌సీవీని క్యాప్‌ప్రాప్ పాస్ ఎంసెక్ అడిగితే కెర్నల్ ముద్రే ఇస్తుంది. తర్వాత ఒక కెమెరాని ఆధారం చేసుకుని, దాని ముద్రకి దగ్గరగా ఉన్న ఫ్రేముల్ని మిగతా మూడింట్లోంచి ఏరుకో. థ్రెడ్లు వద్దనుకుంటే కనీసం నాలుగింటికీ ముందు గ్రాబ్ (ఫ్రేము పట్టుకోవడం) పిలిచి, ఆ తర్వాత రిట్రీవ్ (దాన్ని విప్పడం) పిలువు, ఎక్కువ కెమెరాలున్నవాళ్ల కోసమే ఓపెన్‌సీవీ ఆ రెండింటినీ విడదీసింది. కానీ వరస పేరుకోవడాన్ని అది ఆపదు, కాబట్టి థ్రెడ్లే నా మాట.

చీకటి పడ్డాక ఘోరమవడం వేరే జబ్బు. వెలుగు తగ్గితే యూఎస్‌బీ కెమెరా ఎక్స్‌పోజర్ (వెలుగుకి తెరిచి ఉంచే సమయం) పెంచుకోవడం కోసం ఫ్రేముల వేగాన్నే 15కి, ఇంకా కిందికి దించేస్తుంది. వీ4ఎల్2 (లైనక్స్‌లో కెమెరాలని నడిపే భాగం) కంట్రోళ్లలో ఎక్స్‌పోజర్ డైనమిక్ ఫ్రేమ్‌రేట్ అని ఉంటుంది, దాన్ని సున్నా చెయ్యి. పాత కెర్నల్‌లో దాని పేరు ఎక్స్‌పోజర్ ఆటో ప్రయారిటీ. తర్వాత ఎక్స్‌పోజర్‌ని నాలుగు కెమెరాలకీ ఒకటే పెట్టు, రాత్రికి 20 మిల్లీసెకన్లు. 10కి గుణిజంగానే ఉంచు, ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, యార్డు లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, గుణిజం తప్పితే బొమ్మలో నల్లచారలు పాకుతాయి. ఆటో ఎక్స్‌పోజర్ విడివిడిగా వదిలేస్తే ఎండ పక్క కెమెరా 1 మిల్లీసెకను తెరుస్తుంది, నీడ పక్కది 20 తెరుస్తుంది. తెరవడం ఒకేసారి మొదలైనా వాటి మధ్యబిందువులు దాదాపు 10 మిల్లీసెకన్లు ఎడం.

నాలుగూ ఒకే హబ్‌లో ఉన్నాయా? యూఎస్‌బీ 2లో మొత్తం 480 మెగాబిట్లు. 720పీని కుదించకుండా 30 ఫ్రేములు పంపితే ఒక్క కెమెరాయే 442 తింటుంది. ఎంజేపెగ్‌లోనే, అంటే ఒక్కో ఫ్రేమునీ కుదించి, నడుపుతున్నావు అనుకుంటాను, ఒకసారి చూసుకో.

మీ తమ్ముడు మాయమైపోతున్నది మాత్రం టైము వల్ల కాదు. దాని గురించి విడిగా రాస్తాను, ఇప్పుడు ఆఫీసుకి వేళయింది.

ఆటోనగర్_వైరింగ్

అక్కా, చదువుతుంటే చేతులు వణికాయి. సరిపోయింది, పూర్తిగా సరిపోయింది. పాత ప్రోగ్రాంలో కెర్నల్ ముద్రలు ప్రింట్ చేసి చూశాను. వెనక కెమెరా ముద్ర మిగతావాటి కన్నా 70 పైచిలుకు మిల్లీసెకన్లు వెనక ఉంది, నా కళ్ల ముందే 71, 72 అని పెరుగుతూ పోయింది. మావయ్యకి చూపించి ఆ గీత విరగడానికి కారణం ఇదే అని చెప్పాను. ఆయనకి కంప్యూటర్ రాదు గానీ రేషన్ షాపు క్యూ అనగానే అర్థమైంది.

ఈ రాత్రికే థ్రెడ్లు రాస్తాను. ఎంజేపెగ్గే అక్కా, కుదించకుండా పంపితే రెండో కెమెరా తెరుచుకోనే లేదు.

మిషిగన్_అనంతపురం

ఇప్పుడు మాయమయ్యే మనిషి సంగతి. ఇది నాకు నిద్ర పట్టనివ్వని విషయం, అందుకే నెమ్మదిగా చెబుతాను.

పై నుంచి చూసినట్టు బొమ్మ తయారు చేసేటప్పుడు మనం కంప్యూటర్‌కి ఒక అబద్ధం చెబుతాం: కనపడేదంతా నేల మీదే ఉంది అని. ముగ్గు నేల మీదే ఉంది కాబట్టి దానికి చెల్లుతుంది. మనిషి నేల మీంచి లేచి నిలబడ్డాడు. కెమెరా స్థానంలో దీపం ఉందనుకో, ఆ దీపానికి మనిషి నీడ ఎటు పడుతుందో బొమ్మలో మనిషి అటు పడుకుని సాగిపోతాడు. వెనక కెమెరా అనే దీపానికి అతని నీడ పక్కకి, ఎడమవైపుకి పడుతుంది. ఎడమ కెమెరా అనే దీపానికి నీడ వెనక్కి పడుతుంది. అతను సరిగ్గా మూల అతుకు మీద నిలబడ్డాడనుకో. వెనక కెమెరా వేసిన నీడ అతుకు దాటి ఎడమ కెమెరా జాగాలో పడుతుంది, అక్కడ మనం చూపిస్తున్నది ఎడమ కెమెరా బొమ్మ కాబట్టి అది కత్తిరించుకుపోతుంది. ఎడమ కెమెరా నీడ వెనక కెమెరా జాగాలో పడుతుంది, అదీ కత్తిరించుకుపోతుంది. ఇద్దరూ చూశారు, ఇద్దరూ దాచారు. మిగిలింది బూట్లే. నిస్సాన్ 2007లో ఇలాంటి బొమ్మని కార్లలోకి తెచ్చినప్పటి నుంచి, నేలని చదునుగా పరిచే ప్రతి పద్ధతికీ ఈ గుణం ఉంది.

టైము ఎంత సరిచేసినా ఇది పోదు. అతుకుని గీతలా కాకుండా వెడల్పు పట్టీలా చెయ్యి, ఆ పట్టీలో రెండు బొమ్మలూ సగం సగం కలవాలి. మనిషి ఇద్దరిగా, పల్చగా కనపడతాడు. అందంగా ఉండదు, ఉండనీ. ఇద్దరిగా కనపడినా ఫరవాలేదు, అసలు కనపడకపోవడం మాత్రం వద్దు. ఇంకా మంచిది, రివర్స్ గేరు పడగానే అతుకునే జరపడం. వెనక మూలలు రెండూ మొత్తంగా వెనక కెమెరాకే ఇచ్చెయ్యి, అతుకు బాడీ పక్కకి, ముందుకి పోతుంది. రివర్స్ లైటు వైరు నీ దగ్గరే ఉంటుంది కదా, దాన్ని ఒక ఇన్‌పుట్‌కి తీసుకుంటే చాలు. ఈ కలిపిన బొమ్మ పక్కనే వెనక కెమెరా అసలు బొమ్మని కూడా చూపించు. కలిపిన బొమ్మని మాత్రమే నమ్మి బండి వెనక్కి తీయమని నేను ఏ డ్రైవర్‌కీ చెప్పను.

ఇంకోటి, ఇక్కడ అమెరికాలో కార్లకి 2018 మే 1 నుంచి వెనక కెమెరా తప్పనిసరి, రివర్స్ గేరు వేసిన 2 సెకన్లలో బొమ్మ రావాలి. నీది లారీ, ఊరు వేరు, అయినా ఆ 2 సెకన్లని నువ్వూ పెట్టుకో. రాస్ప్‌బెర్రీ పై బూట్ అవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఇగ్నిషన్‌తోనే ఆన్ అయ్యి ఉండాలి, రివర్స్‌తో కాదు.

చార్మినార్_పిక్సెల్

అక్క చెప్పినంక నేను చెప్పేది తక్కువనే. టైము ముద్రల మీద ఒక ముచ్చట. జర్మనీల కార్ల్స్‌రూహెల 2011ల డ్రైవర్ లేని కార్ల పరిశోధన కోసం కిట్టి అనే డేటా తీసినోళ్లు కారు మీద తిరిగే లైడార్ (లేజర్‌తోని దూరం కొలిచేది) పెట్టిన్రు, సెకనుకి 10 తిప్పులు. అది ముందు దిక్కు తిరిగినప్పుడే కెమెరాలకు ట్రిగ్గర్, అంటే ఇప్పుడు కొట్టు అనే సిగ్నల్, పోతది. తర్వాత బోస్టన్, సింగపూర్‌ల తీసిన న్యూసీన్స్ అనే అసొంటి డేటాల ఆరు కెమెరాలు. లైడార్ ఏ కెమెరా నడిమికి వస్తే ఆ కెమెరా అప్పుడు కొడతది. అంటే ఆరూ ఒక్క క్షణంల తియ్యవు, కావాల్ననే వేరే వేరే క్షణాలల్ల తీస్తయ్. అయినా డేటా మంచిగుంటది, ఎందుకంటే ఏది ఎప్పుడు తీసిందో పక్కా తెలుసు. నువ్వు కూడ గదే పట్టుకో. ఒక్కసారి తీసుడు నీ చేతుల లేదు, ఆ యూఎస్‌బీ కెమెరాలకు ట్రిగ్గర్ కాలు (ఆ సిగ్నల్ తీస్కునే పిన్ను) లేదు. ఎప్పుడు తీసిందో తెలుసుకునుడు నీ చేతుల ఉన్నది.

థ్రెడ్లు పెట్టి దగ్గరి ఫ్రేము ఏరినంక కూడ అర ఫ్రేము తేడా మిగులుతది, 16.7 మిల్లీసెకన్లు. 10 కిలోమీటర్ల మీద 4.6 సెంటీమీటర్లు. దాన్ని కూడ తీసెయ్యొచ్చు. నీ బొమ్మ నేల మీద పరిచిన బొమ్మ, లారీ సీదా పోతున్నది. పాత బొమ్మను వేగం ఇంటూ టైము తేడా అంత దూరం జరుపు, అంతే. బొమ్మను నేల మీదికి మలిచే మాత్రికలనే (లెక్కల పట్టికలనే) ఆ జరుపుడు కలుపుతే ఖర్చు కూడ లేదు. వేగం జీపీఎస్ నుంచి తీస్కోకు, గంత నిదానంల అది ఆలస్యంగ చెప్తది, గుంజుతది. గేర్‌బాక్స్ కాడ స్పీడ్ సెన్సర్ పల్సులు వస్తయ్ కదా, అవి లెక్కపెట్టు. ముందుకా ఎనకకా అన్నది రివర్స్ లైటు వైరే చెప్తది. స్టీరింగ్ మస్తు తిప్పినప్పుడు ఈ సీదా జరుపుడు కొద్దిగ తప్పుతది, ఫస్ట్‌కు ఇది చాలు.

ఆటోనగర్_వైరింగ్

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. మధ్యలో షాపులో పని ఎక్కువైంది.

థ్రెడ్లు, కెర్నల్ ముద్రలు పెట్టాక 10 కిలోమీటర్లలో గీత 2 నుంచి ఆరున్నర సెంటీమీటర్ల మధ్య ఆడింది. ఆరు నిమిషాల ఊగులాట ఇంకా ఉంది గానీ చిన్నదైపోయింది. గంటన్నర నడిపాను, వరస పేరుకోలేదు. తర్వాత చార్మినార్ అన్న చెప్పిన జరుపుడు వేశాను. గేర్‌బాక్స్ పల్సులకి కొలత పట్టడానికే రెండు పూటలు పట్టింది: బండిని తాడు పట్టి కొలిచిన ఇరవై మీటర్లు తోయించి, పల్సులు లెక్కపెట్టాను. అది వేశాక ఏ వేగంలోనూ 3 సెంటీమీటర్లు దాటలేదు. ముగ్గు గీత మీదుగా లారీ పోతుంటే స్క్రీన్‌లో గీత తెగకుండా జారిపోవడం చూసి మా షాపు కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

రాత్రి సమస్య ఎక్స్‌పోజర్ కంట్రోల్‌తో పోయింది. బొమ్మ కాస్త నల్లబడింది, అందుకని రివర్స్ లైట్లు రెండు అదనంగా బిగించాను. అది నా పనే కాబట్టి కష్టం కాలేదు.

అతుకు జరపడం చేశాను అక్కా. రివర్స్ పడగానే వెనక మూలలు రెండూ వెనక కెమెరాకి పోతాయి, పక్కన అసలు బొమ్మ కూడా వస్తుంది. మా తమ్ముణ్ణి ఆ మూలలో ఇరవై చోట్ల నిలబెట్టాను, అరడుగు అరడుగు జరిపి, నేల మీద సుద్దతో గుర్తు పెట్టి. ఒక్క చోట కూడా మాయం కాలేదు. తర్వాత కూర్చోబెట్టి చూశాను, చిన్నపిల్లల ఎత్తు కోసం. రెండు చోట్ల తల బాడీ అంచు కింద పోయింది. వెనక కెమెరాని పది సెంటీమీటర్లు బయటికి తెచ్చే బ్రాకెట్ వెల్డింగ్‌కి ఇచ్చాను, వచ్చాక క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాలి.

ఇంకో సంగతి కనపడింది. బండి ఖాళీగా ఉన్నప్పుడు పట్టిన కొలతలు లోడు ఎక్కాక తప్పుతున్నాయి. 16 టన్నుల ధాన్యం వేస్తే వెనక కెమెరా కిందికి దిగింది, నిలబడి ఉన్నా గీత 5 సెంటీమీటర్లు ఎడం. అన్న చెప్పిన కాగితం పరీక్షలో ఇది వేగం సున్నా దగ్గరే తేలింది, టైము తప్పు కాదని వెంటనే తెలిసింది. ఖాళీకి ఒకటి, లోడుకి ఒకటి రెండు క్యాలిబ్రేషన్లు పెట్టి స్విచ్‌తో మార్చాలా, లేక స్ప్రింగు పట్టీల దగ్గర ఎత్తు కొలిచే సెన్సర్ పెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

మిషిగన్_అనంతపురం

కూర్చోబెట్టి కూడా చూశావు చూడు, అది చాలామంది చేయరు. రెండు క్యాలిబ్రేషన్లతో మొదలుపెట్టు, లోడు మధ్యరకంగా ఉంటే రెండింటి నడుమ కలిపి చూడు. సెన్సర్ తర్వాత.

కొత్త కెమెరాలు కొనే రోజు వస్తే ట్రిగ్గర్ కాలు ఉన్నవి, జీఎంఎస్ఎల్ (బండ్ల కెమెరాల కోసం చేసిన కేబుల్ లింకు) లాంటిదాని మీద నడిచేవి చూడు. ఒక్క కోయాక్స్ కేబుల్‌లోనే బొమ్మ వెనక్కొస్తుంది, కరెంటు వెళ్తుంది, ఫ్రేమ్ సింక్ పల్సు కూడా వెళ్తుంది. 15 మీటర్ల దాకా లాగొచ్చు, నీ లారీకి సరిపోతుంది, ఆ బూస్టర్ కేబుల్ బెడద పోతుంది. నాలుగు కెమెరాలకీ ఒకే చిప్పు ఒకే పల్సు పంపుతుంది, క్రిస్టళ్ల గొడవే ఉండదు. అప్పుడు కూడా కెమెరా సెన్సర్ బొమ్మని పై వరస నుంచి కింది వరస దాకా ఒకేసారి చదవదని గుర్తుంచుకో, అతుకు దగ్గరి వరస ఏ క్షణంలో చదివిందో లెక్కేస్తే ఇంకో సెంటీమీటరు తగ్గుతుంది. నీ జరుపుడులోనే అది కలుపుకోవచ్చు.

ఆటోనగర్_వైరింగ్

సరే అక్కా. బ్రాకెట్ సాయంత్రం వస్తుంది. ముగ్గుపిండి రెండు కిలోలు తెప్పించాను, లోడు బండి రేపు తెల్లవారుజామున మిల్లుకి పోయేలోపు యార్డులో గళ్లు గీసి రెండో క్యాలిబ్రేషన్ పట్టేయాలి. క్లీనర్ కుర్రాడు తనే వచ్చి ఆ మూలలో నిలబడతానన్నాడు. ఇంజిన్ ఆపి, టైర్లకి చెక్కలు పెట్టాకే నిలబెడతాను.